ఎప్పుడూ నిండుగా ఉండే పెట్టె

మొన్న శ్రీకూర్మంలో బంధువుల పెళ్లికి వెళ్లాను. భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్న కుర్రాడు, మా ఆవిడ తరఫు దూరపు చుట్టమే, ఆకులో పప్పు కలుపుకుంటూ ఒక కథ ఎత్తుకున్నాడు. సాలూరులో ఒకాయన ఉండేవాడట. లారీలకి బాడీలు కట్టే వడ్రంగి. పెళ్లాం నోట్లో మచ్చ లేచిందని, చుట్ట మానకపోతే ప్రమాదమని డాక్టరు చెబితే, ఆయన ఇంటికొచ్చి ఆ చుట్టలు పాడవకుండా దాచుకోవడానికి ఏకంగా ఒక పెట్టె చేసి ఇచ్చాడట.

"దాన్నేటంటారో తెలుసా అన్నా? పాడె పెట్టె!"

బంతిలో అందరూ నవ్వారు. వడ్డించేవాడు సాంబారు బకెట్టు పట్టుకుని ఆగి మరీ నవ్వాడు.

ఆ వడ్రంగి నాకు పిల్లనిచ్చిన మావ అని ఆ కుర్రాడికి తెలియదు. ఆ మాట మొదట అన్నది నేనేనని అసలే తెలియదు. నేను పెరుగు రాకముందే లేచి చెయ్యి కడుక్కున్నాను. నా నోట్లోంచి బయలుదేరిన కథ ఊళ్లన్నీ తిరిగి నా పక్క విస్తరి దగ్గరికే వచ్చి కూర్చుంది. అందులో సగమే నిజం. మిగతా సగం తెలిసినవాళ్లం ఇద్దరం, మా అత్తా నేనూ. అత్త ఎవరికీ చెప్పదు. అందుకని నేను చెప్పాలి.

మావ అనగానే నాకు ముందు గుర్తొచ్చేవి ఆయన వేళ్ల కణుపులు. ఎక్కడ చెక్క కనిపించినా కణుపుతో తట్టి, తల పక్కకి వంచి వినేవాడు. సంబంధం మాట్లాడడానికి మా ఇంటికి వచ్చిన రోజున మా నాన్న కట్నకానుకల ఊసెత్తకుండా మర్యాదగా పంటల గురించి మాట్లాడుతుంటే, ఈయన కుర్చీ చేతిని తట్టి "ఏగిస సెక్క" అన్నాడు. కాసేపటికి గుమ్మాన్ని తట్టి "మద్ది. మంచిదే" అన్నాడు. ఆయన వెళ్లాక మా నాన్న, "పెళ్లికొడుకుని చూడ్డానికొచ్చాడా, ద్వారబంధాలు చూడ్డానికొచ్చాడా?" అని చాలాసేపు నవ్వుకున్నాడు. తర్వాత ఎన్నో ఏళ్లకి విజయనగరంలో నేను మందుల షాపు పెట్టుకుని, అపార్టుమెంటులో ఇల్లు కొనుక్కున్నప్పుడు కూడా అంతే. పడగ్గది తలుపు తట్టి, మళ్లీ తట్టి, నా మొహంలోకి జాలిగా చూశాడు.

"ఇది సెక్క కాదు బాబూ. పొట్టు. జిగురేసి నొక్కీసినారు. నీళ్లు తగలనీకు, ఉబ్బిపోతాది."

సాలూరు లారీల ఊరు. రోడ్డు పొడవునా షెడ్లు, గుర్రుమనే రంపాలు, ఆరేసిన పలకలు. బాడీ కట్టేవాళ్లలో ఒక్కొక్కరిది ఒక్కో పని. మావది అడుగు పని. లారీ నేల మీద పలకలు పరచడం, అరిగినవి తీసి కొత్తవి వెయ్యడం. పైన రంగులూ పువ్వులూ నెమళ్లూ వేసేవాళ్లకే పేరు వచ్చేది. మావ ఆ బొమ్మల వంక చూసేవాడు కాదు. లారీ ఎక్కి, చెప్పులు విప్పి, వట్టి కాళ్లతో ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి దిగేవాడు. "అడుగు బాగున్నాదంటే బండి బాగున్నట్టే" అనేవాడు. ఆయన పొగడ్త అక్కడితో సరి.

పనిలో ఉన్నంతసేపూ నోట్లో మేకులు ఉండేవి. అత్త నోట్లో చుట్ట ఉండేది. అది కూడా అడ్డచుట్ట, అంటే నిప్పున్న కొస లోపలికి పెట్టుకుని తాగడం. మా వైపు ఆ వయసు ఆడవాళ్లలో చాలామందికి ఉన్న అలవాటే. నాట్లు వేసేటప్పుడు రెండు చేతులూ బురదలో ఉంటాయి. అలా పెట్టుకుంటే గాలికి ఆరదు, వానకి తడవదు. పెదాలు బిగించి ఒక మూల నుంచి పొగ వదులుతూ అత్త ఏ పనైనా చేసేది. కాబట్టి ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాం ఇద్దరూ మూసిన నోళ్లతోనే మాట్లాడుకునేవాళ్లు. నేను పిల్లని చూడ్డానికి వెళ్లినప్పుడు, మేం కూర్చోవలసిన బల్లకి మావ అప్పటికప్పుడు కాలు బిగిస్తున్నాడు. అత్త వంటింటి గుమ్మంలోకి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"మ్మూ?" అన్నాడు మావ మేకుల మధ్య నుంచి.

"ఊఁ... మ్మ్ ఊహూఁ" అంది అత్త.

"ఊఁ."

మావ మేకులు ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకుని నాతో అన్నాడు: "మా ఆడదానికి నువ్వు నచ్చినావు బాబూ. పొడుగే తక్కువంట. ఫర్వాలేదంట."

వాళ్లిద్దరి మధ్యా ఒక పాత మాట ఉంది. పెళ్లయిన కొత్తలో మావ కొండల అవతల జైపూర్ వైపు పనికి వెళ్లి వానల్లో చిక్కుకుపోయాడు. ఇంట్లో అత్త ఒక్కతే. చుట్టలు అయిపోతే పక్కింటికి వెళ్లి సగం చుట్ట అడిగింది. వాళ్లు ఇచ్చారు గానీ, "మొగుడు ఇంట్లో పొగాకు కూడా ఒగ్గకుండా పోనాడేటే?" అన్నారట. మావ తిరిగొచ్చాక ఆమె ఇంకే కష్టమూ చెప్పలేదు, ఆ ఒక్క మాటే చెప్పింది. అప్పుడు ఆయన చేతిలో చెయ్యి వేసి, నీ డబ్బా కాళీగా ఒగ్గను అన్నాడు. అప్పటి నుంచీ ప్రతి సంత రోజునా చుట్టల కట్టలు తెచ్చి, పాత బిస్కట్ల డబ్బాలో నిండా పేర్చి, దాన్ని ఆమె వైపు వంచి చూపించడం ఆ ఇంటి ఆచారం అయిపోయింది.

"సూసుకో. నిండుగున్నాదా?"

"నిండుగున్నాది."

ఆమె ఆ మాట అంటే గానీ ఆయన మూత పెట్టడు. నా పెళ్లయ్యాక కూడా ఎన్నోసార్లు చూశాను. ఆయన మాత్రం చుట్ట ముట్టడు. కొనేముందు ఒక చుట్టని చెవి దగ్గర పెట్టి రెండు వేళ్ల మధ్య మెల్లగా నలిపి వినేవాడు, అంతే. ఎండిపోయిన ఆకు చిటపటమంటుందట. పదునున్న ఆకు, అంటే లోపల చెమ్మ ఆరనిది, మాట్లాడదట.

రాష్ట్రం రెండుగా విడిపోయిన ఏడాది అత్తకి కారం తగిలితే నోరు మండడం మొదలైంది. విజయనగరం తీసుకొచ్చి, మా షాపుకి ఎదురుగా ఉండే పళ్ల డాక్టరుకి చూపించాను. ఆయన నోట్లోకి లైటు వేసి చూసి, అంగిట్లో తెల్లటి మచ్చ ఉందనీ, నిప్పు లోపల పెట్టుకునేవాళ్లకి అది వస్తుందనీ, చుట్ట మానకపోతే అది ఎటు తిరుగుతుందో చెప్పలేమనీ అన్నాడు. అత్త తల వంచుకుని, "మానలేను బాబూ. కావాలంటే అన్నం మానమను" అంది. మావ అంతసేపూ డాక్టరుగారి బల్లని తట్టి చూస్తూ కూర్చున్నాడు. చివర్లో ఒక్కటే అడిగాడు.

"అయ్యా, అది పొగ వల్ల వచ్చినాదా, నిప్పు ఏడి వల్ల వచ్చినాదా?"

"రెండూ" అన్నాడు డాక్టరు.

"రెండూనా" అని మావ లేచాడు.

ఇక చుట్టలు కొనడం ఆపేస్తాడనుకున్నాను. నెల తిరక్కుండా సాలూరు వెళ్తే, వాకిట్లో కూర్చుని పలకలకి చిత్రిక పడుతున్నాడు. ఏమిటంటే, చుట్టల పెట్టె. సాలూరు ఎండలకి రేకు డబ్బాలో చుట్టలు ఎండిపోతున్నాయట. ఎండిన చుట్ట గబగబా మండి అంగిలి కాలుస్తుందట. పదును పోకుండా దాస్తే నిదానంగా, చల్లగా కాలుతుందట. నాకు ఒళ్లు మండింది. అయినా అప్పటికి ఊరుకున్నాను.

ఆ మొదటి పెట్టె సంగతి నేను ఊరూరా చెప్పి నవ్వించినదే. షెడ్డులో అడుగు విప్పేసిన ఒక పాత లారీ పలకలు తెచ్చాడు. ఏళ్ల తరబడి ఎండా వానా తిన్న చెక్క, ఇక వంగదు, పగలదు అని మురిసిపోయాడు. మేకు అన్నది లేకుండా అంచులు పళ్లుపళ్లుగా కోసి ఒకదానిలో ఒకటి బిగించాడు. మూత లోపలి వైపు చిల్లుల రేకు కొట్టి, దాని వెనక నీళ్లలో నానబెట్టిన కుండపెంకు ముక్కలు పెట్టాడు. చుట్టలు పేర్చి వారం మూసి ఉంచాడు. తీసి అత్తకి ఇస్తే, ఆమె వెలిగించి నోట్లో తిప్పుకుని, అంతే వేగంగా బయటికి తీసింది.

"ఓలమ్మో! ఇది సుట్టా, నెత్తళ్లా? వంకాయలుంటే తే, కూర వండీస్తాను!"

ఆ లారీ ఏళ్ల తరబడి కళింగపట్నం నుంచి ఎండుచేపలు మోసిందట. పొడిగా ఉన్నన్నాళ్లూ పలకల్లో నిద్రపోయిన వాసన, పెంకుల చెమ్మ తగిలేసరికి లేచి కూర్చుంది. వీధిలో పిల్లులు రెండ్రోజులు వాకిట్లోనే కాపురం పెట్టాయి. మావ పెట్టెని వాసన చూసి, తట్టి చూసి, మళ్లీ వాసన చూశాడు. "అడుగు సూసినాను గాని సరుకు అడగలేదు" అన్నాడు. అది ఆయన తనని తాను తిట్టుకోవడం.

రెండో పెట్టెకి బొబ్బిలి వెళ్లాడు. వీణలు చేసే ఒకాయన దగ్గర కూర్చుని, వీణకి పొడవు చాలక పక్కన పడేసిన పనస చెక్క అడిగి తెచ్చుకున్నాడు. పనస చెమ్మ తాగుతుంది, మెల్లగా వదులుతుంది, దాని వాసన పొగాకుతో తగువు పెట్టుకోదు అని చెప్పాడు. లోపల వార్నీషు వెయ్యలేదు. పైన మాత్రం మైనం రుద్దాడు. లారీ తలుపు అంచుకి వేసే రబ్బరు సన్నగా చీల్చి మూత చుట్టూ అతికించాడు. మూత వదిలితే దబ్బున పడదు. మెల్లగా దిగి, చివర్లో లోపలి గాలి 'హుస్' మని తప్పుకుంటుంది. "ఊపిరొగ్గింది. ఇప్పుడు సరిగ్గా పడినట్టు" అనేవాడు. ఆ చప్పుడు వినడానికి ఒకటికి పదిసార్లు తీసి మూసేవాడు. పెట్టె లోతుగా ఉండేది. చెయ్యి పెడితే మణికట్టు దాకా మునిగేది.

కొన్ని నెలలకి మా బావమరిది పెళ్లి సాలూరులోనే జరిగింది. పెళ్లయిన మర్నాడు మధ్యాహ్నం చుట్టాలంతా అరుగు మీద చేరి ఉన్నారు. ఎవరో ఆ పెట్టె చూసి బాగుందంటే, మావ దాన్ని ఒళ్లో పెట్టుకుని మూత తీసి చూపించి, మళ్లీ వదిలి, "ఇనండి, ఇనండి" అంటున్నాడు. అది ఊపిరొదిలింది. నాకు డాక్టరు లైటు కింద కనిపించిన ఆ తెల్ల మచ్చ గుర్తొచ్చింది. రోజూ నా షాపుకి అలాంటి నోళ్లతో వచ్చేవాళ్లు గుర్తొచ్చారు. నలుగురూ వినేలా అన్నాను:

"నువ్వు కట్టింది పెట్టె కాదు మావా. అత్తకి పాడె."

అరుగు మీద ఎవరో కిసుక్కుమన్నారు. అది అందరికీ అంటుకుంది. "పాడె పెట్టె" అని ఒకడు తిరిగి అన్నాడు. అత్త గుమ్మంలో నిలబడి వింది. మావ ఆమె వైపు ఒకసారి చూశాడు. చెవి మీది పెన్సిలు తీసి దాని మొన చూసుకుని, మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు.

"మూత సరిగ్గా పడతన్నాదా లేదా, అది సూడు బాబూ" అన్నాడు.

ఆయనకి సిగ్గు లేదనుకున్నాను. ఆ సాయంత్రం బస్సులో మా ఆవిడ, "మా నానని ఎవులూ అంత మాటనలేదు" అని కిటికీ వైపు తిరిగింది. నేను తగ్గలేదు. ఆ తర్వాత సాలూరు వెళ్లినా పూట భోజనం చేసి వచ్చేసేవాణ్ని. సంత రోజున ఆయన పెట్టె వంచి "నిండుగున్నాదా" అనే వేళకి లేచి బయటికి పోయేవాణ్ని. షాపులో, పెళ్లిళ్లలో, రైల్లో ఎదురు సీటువాళ్లకి, ఈ కథ చెప్పేవాణ్ని. ముందు నెత్తళ్ల పెట్టె, తర్వాత పాడె పెట్టె. బాగా పండేది.

పాత నోట్లు చెల్లవన్న చలికాలం పోయి ఎండలు ముదిరిన రోజుల్లో, మావ అన్నం తిని చాప మీద ఒరిగి మళ్లీ లేవలేదు. పెద్దకర్మ అయిన మర్నాడు సంత. మా బావమరిది తండ్రి ఒకప్పుడు కొన్నట్టే చుట్టల కట్టలు కొనుక్కొచ్చి పెట్టెలో పెట్టబోయాడు. పట్టలేదు. ఒక కట్ట విప్పి పేర్చేసరికే పెట్టె నిండిపోయింది. మిగతావి బయటే ఉండిపోయాయి.

"ఏటి బావా, ఇంత పెట్టిలో ఇన్నే పడతన్నాయేటి?" అన్నాడు.

నేను తీసుకుని చూశాను. బయట చూస్తే అదే లోతు. చుట్టలు తీసేసి చెయ్యి పెడితే వేళ్లు కూడా మునగలేదు. పెట్టె మాత్రం రాయిలా బరువుగా ఉంది. ఉలి మొనతో అడుగు పలకని అంచున లేపాను. కింద ఇంకో పలక. దాన్ని లేపితే కింద ఇంకోటి. అన్నీ పనస చెక్కే, అప్పడంలా పలచగా చిత్రిక పట్టినవి, వెంట్రుక దూరనంత బిగుతుగా గోడల మధ్య కూర్చున్నవి. కింది పలకలు చెమ్మ తాగి ముదురు రంగుకి తిరిగాయి. పైకి వస్తున్న కొద్దీ లేత పసుపు. ఒక్కసారి వేసినవి కావు. ఉండుండి ఒక్కొక్కటి వేస్తూ వచ్చాడు. అన్నీ తీసి నేల మీద పెట్టాక, పెట్టె చేసిన నాటి లోతు మళ్లీ కనిపించింది.

డాక్టరుగారి గదిలో "రెండూనా" అని లేచిన మనిషి గుర్తొచ్చాడు. వేడికి పెట్టెలో చెమ్మ, పొగకి ఒక్కో పలకతో తగ్గుతూ వచ్చే చుట్టలు. పెట్టె కాళీగా ఒగ్గనన్న మాట తప్పకుండానే.

బావమరిదికి ఇంకా అర్థం కాలేదు. ఎవరో పిలిస్తే వీధిలోకి వెళ్లాడు. నేను పలకల మధ్య కూర్చుని ఉంటే అత్త వచ్చి ఎదురుగా కూలబడింది. ఆమె నోట్లో చుట్ట లేదు.

"ఎందుకు తీసీసినావు బాబూ, అవి?"

"అత్తా... నీకు తెలుసా?"

"తెలీదేటి? మొదటి పలక ఏసిన వారమే తెలిసినాది. సుట్ట తీస్తంటే గోరు తగిలింది. ఇన్నేళ్ల నుంచి తీస్తన్న సెయ్యి, దానికి లోతు తెలీదేటి?"

"మరి ఏమీ అనలేదా?"

"ఏటనమంటావు? నిండుగున్నాదా అన్నాడు. నిండుగున్నాది అన్నాను. అబద్దం కాదు గదా."

"చాలకపోతే?"

"సాల్లేదు. మొదట్లో అస్సలు సాల్లేదు. తల దిమ్మెక్కిపోయేది. ఆయన షెడ్డుకెళ్లాక వక్క నవుల్తూ కూకునేదాన్ని. ఆయన ఎదర నవిలితే నాకు సాలట్లేదని తెలిసిపోతాది, జాలిపడి పలక తీసీగలడు. ఆయన మనసు నాకు తెలీదేటి?"

నేల మీది పలకల వంక చూస్తూ అడిగాను. "అరుగు మీద నేను ఆ మాట అన్న రోజున, లోపల పలక ఉందా?"

"ఉన్నాది. ఒకటేసీసినాడు అప్పటికే."

"మరి చెప్పొచ్చు కదా మావ! ఆ ఒక్క ముక్క చెబితే నేను నోరు మూసుకునేవాణ్ని కదా."

అత్త నన్ను కొత్తవాణ్ని చూసినట్టు చూసింది.

"ఎలా సెప్తాడు బాబూ? నాను గుమ్మంలోనే ఉన్నాను గదా. సెప్తే నాకు తెలిసిపోతాది. పోనీ నాను సెప్దామంటే, నాకు తెలుసని ఆయనకి తెలిసిపోతాది. ఇద్దరం ఊరుకున్నాం."

అప్పుడు ఆయన గుమ్మం వైపు ఎందుకు చూశాడో నాకు తెలిసింది. నేను విసిరిన మాటకి జవాబు ఆయన ఒళ్లోనే ఉంది. మూత తీసి పలక ఎత్తితే చాలు. చుట్టాలందరి ఎదుటా ఆ మాట పడి, పెన్సిలు మొన చూసుకున్నాడు గానీ పలక ఎత్తలేదు. ఆ తర్వాత నేను పూట తిని వచ్చేసినప్పుడల్లా కూడా, బస్సు దాకా నడిచొచ్చి సీటు తట్టి చూసి మరీ ఎక్కించేవాడు. తప్పయిందని ఆయనకి నేను చెప్పే వీలు ఇక లేదు. విన్నవాళ్లందరికీ ఇప్పుడు నేను వెళ్లి చెప్పలేను. ఇలా రాయగలను.

"వరస తప్పకుండా మళ్లీ పెట్టీ" అంది అత్త. "నల్లవి కిందకి."

పెట్టాను. ఆయన బిగువు నాకు రాలేదు. అంచుల్లో సుత్తితో చిన్నగా కొట్టవలసి వచ్చింది. పైపలక కూడా కూర్చున్నాక, అత్త లేచి లోపలికి వెళ్లి, మావ పనిముట్ల సంచి తెచ్చింది. చిత్రిక కింద చెయ్యి పెట్టి ఒక పలక తీసింది. కొత్తది, తెల్లగా, ఇంకా పనస వాసన వేస్తోంది. నాలుగంచులూ కొలతకి కోసే ఉన్నాయి.

"ఇది కూడా సేసుంచినాడు. ఎయ్యనేదు. నువ్వెయ్యి."

"అత్తా, ఇది వేస్తే ఇంక ఎన్నో పట్టవు."

"ఎయ్యమన్నాను గదా."

రెండు బొటనవేళ్లతో నొక్కితే అది సుత్తి లేకుండానే దిగిపోయింది. దాని మీద చుట్టలు ఒక్క వరస పట్టాయి. పేర్చి, ఏం చెయ్యాలో తెలియక, చూసి చూసి ఉన్న అలవాటు కొద్దీ పెట్టెని ఆమె వైపు వంచాను.

"చూసుకో అత్తా. నిండుగా ఉందా?"

ఆమె వంగి చూసింది. ఒక చుట్ట తీసి, నోటి దగ్గరికి కాకుండా చెవి దగ్గరికి పట్టుకెళ్లి, రెండు వేళ్ల మధ్య మెల్లగా నలిపి విన్నది. తర్వాత దాన్ని వెలిగించకుండా ఉన్న చోటే మళ్లీ పడుకోబెట్టింది.

"నిండుగున్నాది" అంది.

నేను మూత వదిలాను. అది మెల్లగా దిగింది. ఊపిరొదిలే దాకా ఇద్దరం కదలకుండా విన్నాం.